వెలుగుతో కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధనంగా మార్చగలమా?

గోడలకు వేసే తెల్ల పెయింటుకు ఆ తెలుపునిచ్చేది ఎక్కువగా టైటానియం డయాక్సైడ్ అనే పొడి. దానికి ఇంకో గుణం ఉంది. వెలుగు పడితే అది రసాయన చర్యను నడిపిస్తుంది, తాను మాత్రం ఖర్చు కాదు. ఇలాంటి పదార్థాన్ని ఫోటోకెటలిస్టు అంటారు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా దీని సాయంతో నీటిని విడగొట్టారు. 1979లో వారి బృందమే ఇలాంటి పొడులతో, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్, ఫార్మిక్ ఆమ్లం వంటివి కొద్ది మోతాదులో రాబట్టింది.

అసలు జరిగేదేమిటి? కాంతి తగలగానే పొడిలోని ఎలక్ట్రాన్ చోటు వదిలి పైకి లేస్తుంది, వెనుక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ ఉపరితలం చేరితే కార్బన్ డయాక్సైడ్‌కు అందుతుంది. కానీ చాలా ఎలక్ట్రాన్లు దారిలోనే మళ్లీ ఖాళీల్లో పడిపోతాయి. అందిన వెలుగు వేడిగా వృథా అవుతుంది.

నానో రేణువులు ఉపయోగపడేది ఇక్కడే. రేణువు చిన్నదైతే ఎలక్ట్రాన్‌కు దారి దగ్గరవుతుంది, ఉపరితలమూ పెరుగుతుంది. సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లే. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే 600 చదరపు మీటర్లు, అంటే 700 గజాల పైమాటే!

పరిమాణం ఒక్కటే చాలదు. టైటానియం డయాక్సైడ్‌కు అతినీలలోహిత కాంతి కావాలి. నేలకు చేరే ఎండలో అది సుమారు 5 శాతమే. అందుకే నీలికాంతిని కూడా గ్రహించే కార్బన్ నైట్రైడ్ వంటివాటిని వాడుతున్నారు. రెండు పదార్థాలను జతచేసి ఎలక్ట్రాన్లను ఒకవైపు, ఖాళీలను మరోవైపు మళ్లిస్తున్నారు. ఉపరితలంపై రాగి వంటి లోహపు నలుసులు అద్ది, ఏ పదార్థం తయారుకావాలో ఆ దిశకు చర్యను నడిపిస్తున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు 2 ఎలక్ట్రాన్లు చాలు. మిథనాల్‌కు 6, మీథేన్‌కు 8 కావాలి.

ఇందులో మన ఆడిట్ లాంటి తనిఖీ ఒకటుంది. వచ్చిన మిథనాల్‌లోని కార్బన్ నిజంగా ఆ వాయువుదేనా, పొడికి అంటిన మలినాలదా? తేల్చడానికి కార్బన్-13 ఉన్న వాయువును పంపి, అదే కార్బన్ ఉత్పత్తిలో కనిపిస్తుందో లేదో చూస్తారు. ఈ పరీక్ష లేని ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం.

ప్రయోగశాలల్లో నేటికీ దిగుబడిని ఎక్కువగా గ్రాము పొడికి గంటకు మైక్రోమోళ్లలోనే లెక్కిస్తున్నారు. పైగా తయారైన ఇంధనాన్ని మండిస్తే ఆ వాయువు తిరిగి గాలిలోకే వస్తుంది. కాబట్టి ఈ పరిశోధన రేపటి ఆశే తప్ప, నేడు విద్యుత్తు, పెట్రోలు పొదుపు చేయకుండా ఉండటానికి సాకు కాదు.