షహీద్: దీర్ఘం జరిగితే మారే మాట

అరబ్బీ, ఉర్దూ పేర్లు తెలుగులో రాసేటప్పుడు దీర్ఘాల్ని మనం పెద్దగా పట్టించుకోం. కానీ షాహిద్ వేరు, షహీద్ వేరు. దీర్ఘం మొదటి అక్షరానికి ఉంటే సాక్షి అని అర్థం, రెండో అక్షరానికి జరిగితే అమరవీరుడు. నటుడు షాహిద్ కపూర్ పేరులో ఉన్నది మొదటి మాట. 1931 మార్చి 23న లాహోర్‌లో ఉరికంబమెక్కిన భగత్‌సింగ్‌ను దేశం పిలుచుకునేది రెండో మాటతో. రెండింటి పుట్టిల్లు ఒకటే: ష-హ-ద అనే ధాతువు. దగ్గరుండి చూడటం, చూసింది చెప్పడం దాని అర్థం. మన ‘సాక్షి’లోనూ ‘అక్షి’, అంటే కన్ను, ఉంది కదా.

ఈ ధాతువు ముస్లిం జీవితంలో అడుగడుగునా కనిపిస్తుంది. దేవుడొక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని పలికే విశ్వాస వాక్యం షహాదా. నమాజులో కూర్చుని ఆ సాక్ష్యం చెప్పేచోట కుడిచేతి చూపుడువేలు పైకి లేస్తుంది. ఉర్దూలో దాని పేరే షహాదత్ వేలు. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లకు ఇదే మాట ఆఫీసు కౌంటర్ దగ్గర ఎదురవుతుంది: అరబ్బీలో సర్టిఫికెట్‌ను కూడా షహాదా అనే అంటారు. బిడ్డ పుట్టిందనే కాగితమూ షహాదాయే, మనిషి పోయాడనే కాగితమూ షహాదాయే.

మరి సాక్షి ప్రాణత్యాగి ఎలా అయ్యాడు? ఖురాన్‌లో షహీద్ అన్న మాట ఎక్కువగా సాక్షి అనే అర్థంలోనే వస్తుంది, దేవుడి పేర్లలోనూ అష్-షహీద్ ఒకటి. నమ్మినదానికి తన ప్రాణాన్నే సాక్ష్యంగా ఇచ్చినవాడనే అర్థం ఆ తర్వాత బలపడింది. అంతకుముందే గ్రీకులో ‘మార్టిస్’ అనే సాక్షి ఇదే దారిన నడిచాడు. ఇంగ్లిష్ ‘మార్టిర్’ అక్కడి నుంచి వచ్చిందే.

యుద్ధంలో పడిపోయినవాళ్లకే ఈ గౌరవం అనుకుంటే పొరపాటు. ప్రవక్త మాటల్ని చెప్పే హదీసుల్లో ప్లేగుతో, కడుపు జబ్బుతో పోయినవాళ్లు, నీళ్లలో మునిగినవాళ్లు, కూలిన గోడ కింద పడినవాళ్లు, తమ సొత్తు కాపాడుకుంటూ హతమైనవాళ్లు, అందరూ షహీదులే. కాన్పులో ప్రాణం పోయిన తల్లి కూడా. ఈ మాటకున్న అర్థాలన్నిటిలో నా మనసు ఆగిపోయేది ఆ తల్లి దగ్గరే. ధర్మశాస్త్రం ఒక తేడా మాత్రం చూపిస్తుంది: రణంలో ఒరిగినవాణ్ణి స్నానం చేయించకుండా ఆ నెత్తుటి బట్టలతోనే ఖననం చేస్తారు, మిగతావాళ్లకు స్నానం, కఫన్ అనే శవవస్త్రం మామూలే.

680లో కర్బలాలో నేలకొరిగిన ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ను షహీదుల సర్దార్ అంటారు. తెలంగాణ పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి గుండం చుట్టూ ఆడే పీర్ల పండుగ ఆ స్మృతిలోనిదే. మాట అక్కడితో ఆగలేదు. బీరూట్‌లో షుహదా (షహీదుల) చౌకు 1916లో ఒట్టోమాన్ పాలకులు ఉరితీసిన ముస్లింల, క్రైస్తవుల జ్ఞాపకం. ఢాకాలో షహీద్ మినార్ 1952 ఫిబ్రవరి 21న తమ బెంగాలీ భాష కోసం తూటాలకు బలైనవారిది. సిక్కులు గురు తేగ్ బహదూర్‌నూ షహీద్ అనే తలుచుకుంటారు.

ఆత్మాహుతి దాడి చేసినవాడి పోస్టర్ మీద కూడా కొన్ని సాయుధ సంస్థలు ఇదే మాట అచ్చువేస్తాయి. ఆత్మహత్య ఇస్లాంలో నిషిద్ధం, అమాయకుల్ని చంపడమూ అంతే. అందుకే ఎంతోమంది ఉలేమాలు, అంటే మతపండితులు, ఆ వాడకాన్ని ఒప్పుకోరు. కానీ ఆ పోస్టర్ల భయంతోనే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా, ప్రమాదకరమని తాను జాబితాలో పెట్టినవాళ్లను ఎవరు షహీద్ అన్నా అది పొగడ్తే అని లెక్కగట్టి తీసేస్తూ వచ్చింది. వార్త రాసినవాడి పోస్టూ పోయింది, విమర్శించినవాడి పోస్టూ పోయింది. మెటా వేదికల మీద ఇంకే మాట వల్లా ఇన్ని పోస్టులు పోలేదని దాని పర్యవేక్షణ మండలి 2024 మార్చిలో తేల్చి, ఆ నియమం మార్చమంది. వందల ఏళ్లుగా ఇన్ని నోళ్లలో నానిన మాటకు ఒకే ఇంగ్లిష్ అర్థం అంటగట్టడం అన్యాయమని నేనూ గట్టిగా నమ్ముతాను. ఆ ఏడాది జులైలో మెటా ఒప్పుకుంది: ఇకపై మాట ఒక్కటే చూడకుండా, దాని పక్కన ఆయుధం బొమ్మో, హింసకు పిలుపో ఉందా అని చూస్తామంది.