పికప్ బండికి రేడియో యాంటెన్నా: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి (కొల్లేటికోట నుంచి నా అనుభవం)

ఎప్పుడూ జీవామృతం, దేశవాళీ వరి గురించి చెప్పే నేను ఇవాళ యాంటెన్నా గురించి రాస్తున్నాను. పోయిన వీడియోలో మా బొలెరో పికప్ పైకప్పు మీద సన్నటి కడ్డీ చూసి "అదేంటండీ, ఎఫ్ఎం పాటలకా?" అని చాలామంది అడిగారు. బిగించే పనంతా ఈ వీడియోలో చూపించాను. కొలతలు, కారణాలు మాత్రం రాతలో ఉంటే మళ్లీ చూసుకోవడానికి వీలుగా ఉంటుంది, అందుకే ఇది.

అసలు ఎందుకు పెట్టానంటే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లన్నీ కొల్లేరులోకి వచ్చాయి. మా కొల్లేటికోట దారి మునిగిపోయింది. నేను కైకలూరు వైపు ఉండిపోయాను. బండిలో తాగునీళ్ల టిన్నులు, బియ్యం ఉన్నాయి. అమ్మేమో ఊళ్లో ఉంది. ఇంట్లో కరెంటు లేక ఫోన్లన్నీ ఆగిపోయాయి. ఎలాగో ఒక పడవ దొరికితే నీళ్లు, బియ్యం పంపించాను. తీరా అమ్మకి అయిపోయింది బీపీ మాత్రలు. ఆ సంగతి నాకు తెలిసేసరికి పడవ వెళ్లిపోయింది, మళ్లీ పడవ మర్నాడు గానీ దొరకలేదు. దేవుడి దయవల్ల అమ్మకి ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఒక్క ముక్క మాట్లాడగలిగి ఉంటే మాత్రలు మొదటి పడవలోనే వెళ్లేవి కదా!

సీబీ రేడియో మన దగ్గర కుదురుతుందా?

అమెరికాలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయికి ఈ సంగతి చెబితే, "తమ్ముడూ, ఇక్కడ పికప్‌లకి సీబీ రేడియోలు ఉంటాయి. ఒకటి పట్టుకొస్తాను, పెట్టేసుకో" అన్నాడు. నేనూ సంబరపడ్డాను. కొనేముందు రూల్సు చదివితే సంగతి వేరేగా ఉంది.

మన దేశంలో కూడా సిటిజన్ బ్యాండ్ ఉంది. 2005 నుంచి 26.957 – 27.283 మెగాహెర్ట్జ్ మధ్య, 5 వాట్ల లోపు సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ వెసులుబాటు యాంటెన్నా సెట్టుతోనే కలిసి ఉన్న వాటికి. బండి మీద పెద్ద యాంటెన్నా విడిగా బిగిస్తే ఆ వెసులుబాటులోకి రాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా సెట్లలో 40 ఛానళ్లు ఉంటాయి, 40వది 27.405 దగ్గర ఉంటుంది. మన హద్దు 27 ఛానళ్లతోనే అయిపోతుంది. 28వ ఛానల్ నొక్కారంటే హద్దు దాటేసినట్టే.

అందుకని నేను హామ్ లైసెన్సు దారిలో వెళ్లాను. కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది. 12 ఏళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ రానక్కర్లేదు. 'వీయూ3'తో మొదలయ్యే పేరు ఒకటి ఇస్తారు. హైదరాబాదులో 1983లో పెట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కూడా ఉంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. అవతల మాట్లాడే మనిషికీ లైసెన్సు ఉండాలి. అందుకే ఊళ్లో ఉండే మా బావమరిదిని కూడా పట్టుబట్టి పరీక్ష రాయించాను. రెండోది, ఇందులో వ్యాపారం మాట్లాడకూడదు. "చేప రేటెంత, ధాన్యం లారీ ఎప్పుడొస్తుంది" లాంటివి ఫోన్లోనే.

యాంటెన్నా ఎంత పొడవుండాలి?

లెక్క చాలా సులువు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. బండి మీద పెట్టే మామూలు యాంటెన్నా అందులో పావు వంతు.

- సీబీ 27 మెగాహెర్ట్జ్: తరంగం 11 మీటర్లు, పావు వంతు 2.75 మీటర్లు.
- హామ్ 145 మెగాహెర్ట్జ్: తరంగం 2 మీటర్ల పైచిలుకు, పావు వంతు అర మీటరు. కడ్డీలో కొంచెం తగ్గుతుంది కాబట్టి సుమారు 49 సెంటీమీటర్లు.

ఇక్కడ ప్రాణం మీదకొచ్చే సంగతి ఒకటి ఉంది. 2.75 మీటర్ల కడ్డీని బొలెరో పైకప్పు మీద పెడితే నేల నుంచి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. మన చెరువు గట్ల మీద ఏరేటర్లకి లాగిన కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకు తెలుసు. కడ్డీ తీగకి తగిలితే రేడియో ఒక్కటే కాదు, బండిలో ఉన్న మనిషి కూడా పోతాడు. అందుకే పొడవు కడ్డీ వద్దే వద్దు.

"మరి పొట్టి సీబీ యాంటెన్నాలు అమ్ముతున్నారుగా?" అంటారు. అవి అడుగున తీగ చుట్ట పెట్టి పొడవు తగ్గించినవి. పని చేస్తాయి, కానీ ఎంత పొట్టి చేస్తే అంత శక్తి చుట్టలోనే వేడిగా పోతుంది. సరిగ్గా పనిచేసే ఛానళ్లు కూడా తగ్గుతాయి. 145లో ఆ బాధ లేదు, అర మీటరు కడ్డీ పూర్తి పావు వంతు అయిపోతుంది. నేను స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ తీసుకున్నాను. కొబ్బరి మట్ట తగిలినా వంగి మళ్లీ లేస్తుంది.

ఎక్కడ బిగించాలి? నేను చేసిన తప్పు

మన వ్యవసాయంలో పైరు కంటే ముందు నేల చూస్తాం కదా, ఇక్కడా అంతే. కడ్డీ యాంటెన్నాలో సగమే. దాని కింద ఉన్న ఇనప రేకు మిగతా సగం. కడ్డీ చుట్టూ అన్ని వైపులా రేకు సమానంగా ఉంటే అన్ని వైపులకీ మాట సమానంగా వెళ్తుంది. అందుకే క్యాబిన్ పైకప్పు మధ్యభాగం అన్నిటికంటే మంచి చోటు. బానెట్ మూలలో పెడితే, బండి రేకు ఎక్కువ ఉన్న వైపుకి బాగా వెళ్లి, మిగతా వైపులకి తగ్గుతుంది.

నేను మొదట వెనక తొట్టి అంచుకి బిగించాను. పైకప్పుకి చిల్లు పెట్టడానికి మనసొప్పలేదు. రెండు కారణాల వల్ల అది చెడింది.

మొదటిది, మా బండి తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు దిమ్మలు, దాని మీద మందపాటి రంగు ఉన్నాయి. చూడ్డానికి అంతా ఇనుమే గానీ, కరెంటు లెక్కలో తొట్టి విడిగా తేలుతోంది. రెండోది, ఆ తొట్టిలోనే 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము పెడతాను. గతుకుల్లో అది తొణికి కనెక్టరు మీద పడింది. పంటకి అమృతమే గానీ ఇత్తడికి, రాగికి విషం. నెల తిరక్కుండా పచ్చగా చిలుం పట్టేసింది.

మీకు తొట్టి తప్ప వేరే దారి లేకపోతే, రంగు గీకి, అల్లిక రాగి పట్టీతో తొట్టిని ఛాసిస్‌కి కలపండి. బోల్టు బిగించాక గ్రీజు రాయండి.

ఇప్పుడు నేను అయస్కాంతం దిమ్మ వాడుతున్నాను. చిల్లు అక్కర్లేదు. ఇనప పైకప్పు మీద రంగు ఉన్నా పనిచేస్తుంది. ఫైబరు, అల్యూమినియం పైకప్పుకి మాత్రం అతుక్కోదు. మన కొల్లేరు చెమ్మకి దాని కింద నీరు చేరి తుప్పు పడుతుంది కాబట్టి, వారానికోసారి ఎత్తి పొడిగుడ్డతో తుడవండి.

కేబుల్, కరెంటు

50 ఓమ్‌ల కేబులే వాడాలి, ఆర్‌జీ-58 అని అడగండి. ఇంట్లో మిగిలిన డిష్ టీవీ కేబుల్ 75 ఓమ్‌లది, అది వద్దు. కేబుల్ తలుపు సందులో నలగకుండా చూసుకోండి. లోపలికి వచ్చేముందు కిందికి ఒక వంపు ఇస్తే వాన నీరు అక్కడే కారిపోతుంది. సెట్టుకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

కొలవకుండా మాట్లాడొద్దు

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మనం పంపిన శక్తిలో ఎంత వెనక్కి కొడుతోందో అది చెబుతుంది. 1.5 లోపు ఉంటే బాగున్నట్టు. 2 వరకు పర్వాలేదు. 3 దాటితే బటన్ నొక్కకండి, సెట్టు దెబ్బతింటుంది.

బండిని రేకుల షెడ్డుకి, చెట్లకి దూరంగా పెట్టి, తలుపులు మూసి కొలవాలి. 144 దగ్గర ఒకసారి, 146 దగ్గర ఒకసారి చూడండి. కింది అంకె దగ్గర రీడింగు తక్కువగా ఉంటే కడ్డీ పొడవైనట్టు, కొంచెం కత్తిరించాలి. పై అంకె దగ్గర తక్కువగా ఉంటే కడ్డీ పొట్టి అయినట్టు. అందుకే 52 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లే కత్తిరించండి. తీసేసిన ముక్క మళ్లీ రాదు. తొట్టి మీద ఉన్నప్పుడు నాది 2.8 ఉండేది, పైకప్పు మీదకి మార్చాక 1.3కి వచ్చింది.

ఎంత దూరం వినపడుతుంది?

ఈ తరంగాలు దాదాపు చూపు వెళ్లినంత దూరమే వెళ్తాయి. మనది చదును నేల, కొండలు అడ్డం రావు. బండి మీద యాంటెన్నా నేల నుంచి రెండుంపావు మీటర్లు ఉంటే ఆరు కిలోమీటర్ల దాకా లెక్క. ఊళ్లో బావమరిది ఇంటి మీద 9 మీటర్ల గొట్టానికి ఇంకొకటి కట్టాం, దానికి పన్నెండు కిలోమీటర్లు. రెండూ కలిస్తే సుమారు 18. శక్తి పెంచడం కంటే ఎత్తు పెంచడమే లాభం. ఉరుములు మొదలైతే మాత్రం ఇంటి యాంటెన్నా కేబుల్ ఊడదీసి బయట పెట్టాలి.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి బావమరిది, నేను ఐదు నిమిషాలు మాట్లాడుకుంటాం. వాడని పనిముట్టు అవసరానికి పనిచేయదు. మొన్న అమ్మ పక్కనే కూచుని వింటూ, "వాడికి చెప్పు, మాత్రలు ఇంకో నెలకి ఉన్నాయని" అంది. ఆ మాట బండిలో స్పష్టంగా వినపడింది. నా ఖర్చుకి ఆ ఒక్క మాట చాలండి.

మీది ఏ బండో, పైకప్పు ఇనుమో ఫైబరో చూసుకుని మొదలుపెట్టండి. కొలిచేటప్పుడు మీటరు ముల్లు ఎలా కదులుతుందో వీడియోలో దగ్గరగా చూపించాను. వచ్చే వీడియోలో మళ్లీ మన పొలంలోకి వెళ్దాం.