లిబర్టీ దీవిలో తొలి రాత్రి

చీకట్లో పడవ దిగి రేవు మీద కాలు పెడతారు. ఎదురుగా స్వేచ్ఛా ప్రతిమ. దానికి తల లేదు, ఎప్పుడో బాంబు పెట్టి పేల్చేశారు. మీ అన్నయ్య పాల్ ఎదురొచ్చి మూడు ఆయుధాల్లో ఒకటి తీసుకోమంటాడు: తలుపుల్ని, రోబోల్ని తునాతునకలు చేసే రాకెట్ గన్, దూరం నుంచి గురిపెట్టే స్నైపర్ రైఫిల్, మత్తు బాణాలు వేసే చిన్న క్రాస్‌బో. ప్రాణాలు తీయకుండా పని ముగిస్తే బాగుంటుందన్న తన మనసులో మాట దాచుకోడు. ఏది తీసుకోవాలన్నది మాత్రం మీకే వదిలేస్తాడు.

‘డ్యూస్ ఎక్స్’ అనే ఆట ఇలా మొదలవుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో, అయాన్ స్టార్మ్ స్టూడియోలో వారెన్ స్పెక్టర్ సారథ్యంలో తయారై 2000 జూన్‌లో విడుదలైంది. కథ 2052 నాటిది. గ్రే డెత్ అనే మహమ్మారి మనుషుల్ని కబళిస్తుంటే, దాన్ని అదుపులో పెట్టే ఆంబ్రోసియా మందు పలుకుబడి ఉన్నవాళ్లకే అందుతోంది. ఆ మందు సరుకును తిరుగుబాటుదారులు దోచుకుని లిబర్టీ దీవిలో తిష్ఠ వేశారు. యునాట్కో అనే ఉగ్రవాద వ్యతిరేక దళంలో కొత్తగా చేరిన జేసీ డెంటన్ మీరు. ఒంట్లో నానో యంత్రాలు ఎక్కించిన మనిషి.

ఈ ఆట మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఈ దీవి దాటకుండానే వదిలేస్తారు. ఈ కథనం రాయడానికి కారణం ముఖ్యంగా అదే.

డ్యూస్ ఎక్స్ వచ్చిన ఏడాదే డిసెంబరులో, దాన్ని విడుదల చేసిన ఈడోస్ కంపెనీయే ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ని కూడా తెచ్చింది. నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి ఆడుకున్న తరానికి దాని గురించి చెప్పక్కర్లేదు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. చివరి గది దాకా పాక్కుంటూ వెళ్లి చచ్చామంటే, మళ్లీ మొదటి నుంచీ ఆడాల్సిందే. అలారం మోగితే గుండె జారిపోయేది. ఆ ఆటతో పెరిగిన మా తరానికి తప్పు జరిగితే అంతా పోయినట్టే అన్న భయం ఒంట పట్టింది. డ్యూస్ ఎక్స్‌కి వచ్చేటప్పుడు ఆ భయాన్ని బయట వదిలి రావాలి.

ఇక్కడ ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. ఆ సౌకర్యమే ఒక ఉచ్చు. గార్డు చూశాడా, లోడ్. బాణం గురి తప్పిందా, లోడ్. నేనూ మొదటిసారి అలాగే ఆడాను. లిబర్టీ దీవికే రెండు రాత్రులు పట్టింది, ఒక్క జ్ఞాపకమూ మిగల్లేదు. రెండోసారి అలారం మోగినా లోడ్ చేయలేదు. ప్రతిమ వెనక వైపు పరుగెత్తి, అక్కడ పేర్చి ఉన్న పెట్టెల మీదుగా పైకి పాకాను. లోపలికి అలా ఒక దారి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఈ ఆట తీరే అంత. ఒక తలుపు మూసుకుపోతే పక్కన గాలి గొట్టమో, కిటికీయో, తాళంచెవి ఉన్న మనిషో ఉంటాడు. పథకం చెడిపోతేనే అవి కంటపడతాయి. అందుకే సేవ్ చేసుకోండి, వేర్వేరు స్లాట్లలో చేసుకోండి, కానీ ప్రాణం పోతే తప్ప లోడ్ చేయకండి.

గురి ఎందుకు కుదరదు

కొత్తవాళ్ల మొదటి ఫిర్యాదు తుపాకీ గురించి. తల మీద గురిపెట్టి కాలుస్తాం, గుండు గోడకు తగులుతుంది. ఇందులో మీ చేతి వేగం కన్నా జేసీ శిక్షణకే విలువ ఎక్కువ. తెర మధ్యలో విచ్చుకుని ఉన్న గీతల్ని గమనించండి. కదలకుండా నిలబడితే అవి మెల్లగా దగ్గరకు వస్తాయి, అప్పుడు నొక్కాలి. పరుగెడుతూ కాల్చే అలవాటు ఉన్నవాళ్లకు ఇది మొదట్లో నరకంలా ఉంటుంది.

గాయం కూడా అవయవానికో లెక్క. చేతికి తగిలితే గురి చెడుతుంది, రెండు కాళ్లూ పోతే నేల మీద పాకడమే. మెడికిట్ వాడేటప్పుడు ఏ భాగానికి అవసరమో చూసి అక్కడే వాడండి.

పొంచి వెళ్లేటప్పుడు వంగి నడవండి. ఇనుప పలకల మీద పరుగెత్తితే గార్డు చెవిన పడుతుంది. కరెంటు దుడ్డుకర్రను వెనక నుంచి, నడుము పైభాగాన ప్రయోగిస్తే మనిషి మారు మాట లేకుండా కూలిపోతాడు. మత్తు బాణం తగిలినవాడు వెంటనే పడిపోడు, కొన్ని క్షణాలు అరుస్తూ అలారం వైపు పరుగెడతాడు. అందుకని గోడ మీద అలారం పెట్టె ఎక్కడుందో చూసుకున్నాకే బాణం వేయండి. పడినవాణ్ణి భుజాన వేసుకుని చీకటి మూలకు చేర్చడం మరిచిపోకండి. ఆయుధాల్లో కొత్తవాళ్లకు నా ఓటు క్రాస్‌బోకే. రాకెట్ గన్ బలమైనదే, కానీ సంచిలో సగం చోటు మింగేసినట్టు ఉంటుంది.

మొదట్లో 5,000 నైపుణ్య పాయింట్లు చేతిలో పెడతారు. పదకొండు విద్యల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. కంప్యూటర్లలో ఒక మెట్టు ఎక్కండి, అది లేకపోతే హ్యాకింగ్ అసలు సాధ్యపడదు. తాళాలు తీసే విద్యలోనూ, ఎలక్ట్రానిక్స్‌లోనూ ఒక్కో మెట్టు చాలు. ఈత జోలికి పోకండి. ఆ తర్వాత వచ్చే పాయింట్లు మనుషుల్ని చంపినందుకు రావు. అప్పగించిన పని చేసినందుకు, ఎవరూ తొంగిచూడని మూలలు వెతికినందుకు వస్తాయి. ఆట దేన్ని మెచ్చుకుంటుందో తెలియాలంటే ఈ లెక్క చాలు.

శరీరంలో అమర్చుకునే శక్తుల విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఒక్కో డబ్బాలో రెండు శక్తులుంటాయి, ఒకటే ఎంచుకోవాలి. వైద్య రోబో దగ్గర ఒకసారి అమర్చాక వెనక్కి తీసేదేం ఉండదు. కాళ్లకు వేగం, ఒంటికి గాయాలు మానే శక్తి తీసుకుంటే ఆట చివరిదాకా అక్కరకొస్తాయి. వేగం ఉంటే గోడలు, పైకప్పులు మీవవుతాయి.

చదివేవాళ్లకు, వినేవాళ్లకు

బల్లల మీద పడి ఉన్న ప్రతి కాగితం, డేటాక్యూబ్ చదవండి. తలుపు సంకేతాలు, పాస్‌వర్డులు వాటిల్లోనే దొరుకుతాయి, ఉన్న పనిముట్లు మిగులుతాయి. దీవి మీద మొదట కనిపించే సంకేతం 0451. ‘సిస్టమ్ షాక్’ ఆటలోని తొలి తలుపుకు అది నమస్కారం, స్పెక్టర్ దాని నిర్మాణంలోనూ ఉన్నారు. తలుపు తీసేముందు ఆగి లోపలి మాటలు వినండి. బార్‌లో మద్యం పోసేవాడితోనూ, ఫుట్‌పాత్ మీద ఉండేవాడితోనూ మాట కలపండి. శత్రువులని మీకు చెప్పినవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో చెవిన పడినప్పుడే మీ పై అధికారుల మీద మొదటి అనుమానం పుడుతుంది.

మీరేం చేశారో ఆ లోకమూ గుర్తుపెట్టుకుంటుంది. దీవి పనిని ప్రాణాలు తీయకుండా ముగించి కార్యాలయానికి వస్తే, ఆయుధాగారం చూసే పెద్దాయన శామ్ కార్టర్ మీ నిగ్రహాన్ని మెచ్చుకుంటాడు. అడ్డొచ్చినవాళ్లందరినీ కాల్చేసి వస్తే ఆయన ధోరణి వేరు, అది మెచ్చుకునే సహోద్యోగిని అన్నా నవారే ధోరణి వేరు. ఆడవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్లి చూడండి, బాసు పిలిచి చీవాట్లు పెడతాడు.

ఇవాళ గాగ్, స్టీమ్ దుకాణాల్లో ఇది దొరుకుతుంది. కొత్త కంప్యూటర్ల మీద సాఫీగా నడవడానికి అభిమానులు చేసిన లాంచర్ వేసుకోండి. స్థలాల రూపురేఖలే మార్చేసే భారీ మోడ్లను రెండోసారికి దాచండి. ముఖాలు చెక్కబొమ్మల్లా ఉన్నాయని మొదటి గంటలో అనిపిస్తుంది. సంగీతం, సంభాషణలు మిమ్మల్ని పట్టుకున్నాక అది గుర్తుండదు.

ఒక చోటు గురించి మాత్రం ముందే చెబుతాను, ఏం జరుగుతుందో చెప్పను. న్యూయార్క్ హెల్స్ కిచెన్‌లో టన్ అనే హోటల్లో ఒక గది. కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. అన్నయ్య మిమ్మల్ని కిటికీలోంచి వెళ్లిపొమ్మంటాడు. అది ఆజ్ఞలా వినిపిస్తుంది. తెర మీద ఏ ప్రశ్నా రాదు, ఏ గుర్తూ వెలగదు. గదికి తలుపు కూడా ఉంది.