చెస్ ప్రోగ్రాముకు శైలి ఎక్కడి నుంచి వస్తుంది?

మిఖాయిల్ తాల్ పావుల్ని బలిచ్చి మరీ ఎదుటి రాజు మీద పడేవాడు. పెట్రోస్యాన్ ప్రత్యర్థికి కదలడానికి చోటే మిగల్చకుండా నింపాదిగా బిగించేవాడు. అవి మనుషుల స్వభావాలు. మరి లెక్క తప్ప మరేమీ ఎరగని ప్రోగ్రాముల్లో ఒకటి దూకుడుగా, మరొకటి జాగ్రత్తగా ఎందుకు ఆడుతుంది? ఆ దూకుడు కోసం బలం కొంత వదులుకోవాలా?

ప్రోగ్రాము చేసే పనులు రెండు. నేనిది ఆడితే అతను అది ఆడతాడు అనుకుంటూ ముందుకు వెతకడం ఒకటి; ఎక్కడో ఆగి, ఆ స్థితి ఎవరికి ఎంత మేలో అంకె వేయడం రెండోది. ఆట నడిమధ్యలో ఒక్కో స్థితికి సుమారు 35 ఎత్తులుంటాయి. ఇరువైపులా కలిపి నాలుగు ఎత్తులు దాటేసరికే 15 లక్షల దారులు. చివరిదాకా చూడటం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆగక తప్పదు. ఆగినచోట వేసే అంకెలోనే శైలి ఉంటుంది. మూడెత్తుల్లో మాట్ కనబడుతుంటే అన్ని ప్రోగ్రాములూ ఒకేలా ఆడతాయి; అక్కడ శైలికి తావులేదు.

వెతకడంలో పొదుపు ఎలా? నా ఎత్తును దెబ్బతీసే జవాబు ప్రత్యర్థికి ఒక్కటి దొరికినా చాలు, మిగతా జవాబులు చూడనక్కర్లేదు. ఇదే ఆల్ఫా-బీటా అనే కోత. మంచి ఎత్తుల్ని ముందు పరిశీలిస్తే అదే శ్రమతో దాదాపు రెట్టింపు లోతుకు వెళ్లొచ్చు, ఫలితమూ మారదు. తర్వాత వచ్చిన కోతలు మాత్రం ఊహ మీద నడిచేవి. పనికిరావనిపించిన ఎత్తుల్ని పైపైన చూసి వదిలేస్తాయి. మంత్రిని బలిచ్చే ఎత్తు తక్కువ లోతులో శుద్ధ నష్టంగానే కనిపిస్తుంది. దాని ఫలం పదెత్తుల తర్వాతైతే కోతలో పోయే ప్రమాదం ఎక్కువ.

1990లలో క్రిస్ విటింగ్టన్ రాసిన ‘చెస్ సిస్టమ్ తాల్’ ఎదురుదారి పట్టింది. వేగం తగ్గినా సరే, ప్రతి స్థితిలోనూ దాడికున్న అవకాశాలను తూచేది. అటువైపు 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసింది. గడియారం తరుముతుంటే మనిషి దాడికి తడబడతాడు; యంత్రం బెదరదు, ఉన్న ఒక్క రక్షణనూ వెతికి పట్టుకుంటుంది. అందుకే ప్రోగ్రాముల మధ్య పోటీల్లో దాడికి చేతితో కలిపిన అదనపు మార్కులు తరచూ ఎదురుతన్నాయి. దీంతో శైలి ఒక విలాసమన్న అభిప్రాయం చాలామందిలో స్థిరపడింది. అది తొందరపాటు తీర్పని నా నమ్మకం. లోపం దాడిలో లేదు, ఆ మార్కులు సరిగా తూచలేకపోవడంలో ఉంది.

ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాము ఆ సంగతి తేల్చింది. మనుషుల ఆటలు చూడకుండా, తనతో తానే ఆడి నేర్చుకుంది. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ప్రత్యర్థి ప్రోగ్రాము స్టాక్‌ఫిష్ సెకనుకు సుమారు 6 కోట్ల స్థితులు చూస్తుంటే ఇది చూసింది 60 వేలే. ఏ ఎత్తులు చూడదగ్గవో న్యూరల్ నెట్‌వర్క్ ముందే చెప్పేది. స్టాక్‌ఫిష్‌తో ఆడిన వెయ్యి ఆటల్లో ఆల్ఫాజీరో 155 గెలిచి, ఆరే ఓడింది. అంచు బంటును ఎదుటి రాజు మీదికి తోయడం, దీర్ఘకాలపు ఒత్తిడి కోసం పావు వదులుకోవడం దాని ఆటలో పదేపదే కనిపిస్తాయి. దాడి చేయమని ఎవరూ చెప్పలేదు. తూకం నిజమైనచోట దాడి దానంతటదే వచ్చింది.

2020లో స్టాక్‌ఫిష్ కూడా ఒక చిన్న నెట్‌వర్క్‌ను చేర్చుకుంది. ఒక్కో ఎత్తుకు కదిలే పావులు ఒకటో రెండో కాబట్టి, లెక్క మొత్తం మళ్లీ చేయకుండా మారిన భాగాన్నే దిద్దుకుంటుంది. వేగం తగ్గినా బలం బాగా పెరిగింది.

శైలే లక్ష్యమైతే వెతకడాన్ని పూర్తిగా ఆపేయడమూ ఒక దారే. అదే ఏడాది వచ్చిన ‘మాయా’ ఆ పని చేసింది. లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ వేదికలో 1100 నుంచి 1900 రేటింగ్ వరకున్న వారి ఆటల నుంచి, ఆ స్థాయి మనిషి ఏం ఆడతాడో ఊహించడం నేర్చింది. అది వాళ్ల పొరపాట్లతో సహా ఆడుతుంది.