ఆ అరవై పేర్లూ మరిచిపోతే బాగుండు

ఎడిటర్ గారు అడిగింది పది ఆటలు. ‘బుర్రలోంచి పూర్తిగా చెరిపేసుకుని మళ్లీ మొదటిసారి ఆడాలనిపించే పది వీడియో గేములు. ఒక్కోదానికి నూటయాభై పదాలు, మంచి రంగుల ఫొటోలు, శుక్రవారం సాయంత్రానికల్లా’ అన్నారు. పేర్లు రాస్తూ పోతే పది దాటాయి. ఒక్కో పేరు ముందూ ‘నిజంగానా?’ అని అడుగుతూ కొట్టేస్తూ పోతే మూడు మిగిలాయి. ఆ మూడింట్లోనూ ఒక ఆట దగ్గర, ఆ ఆటలో ఒక పేజీ దగ్గర నా కాలు ఆగిపోయింది. ఈలోగా శుక్రవారం వచ్చేసింది. మిగతావన్నీ బాక్సుల్లో సర్దాను. ఆర్ట్ విభాగం వాళ్లకి ఇంకో దుర్వార్త: కవర్ మీదికి ఎక్కాల్సిన ఆటలో రంగులే లేవు.

అంతలా ఎందుకు కొట్టేశానో ముందు చెప్పాలి. ‘మొదటిసారి ఆడినప్పటి మజా మళ్లీ రాదు’ అని జనం ప్రతి ఆట గురించీ అంటారు. నాకు ఈ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. తరచి అడిగితే వాళ్లు తలుచుకునేది వేసవి సెలవుల్నీ, పెద్దవాళ్లు కునుకు తీసే మధ్యాహ్నాల్నీ, పక్కన కూర్చున్న అన్నయ్యనీ. ఆటను మరిచిపోయినంత మాత్రాన అవేవీ తిరిగి రావు. ఇక వేళ్ల వేగం మీద నడిచే ఆటలైతే రెండోసారి, పదోసారే బాగుంటాయి. గొయ్యి ఎక్కడుందో తెలిసి దూకడంలోనే వాటి సుఖం.

మరపు నిజంగా అవసరమయ్యే ఆటల తీరు వేరు. వాటిలో మన పాత్రకి కొత్త కత్తి దొరకదు, బలం పెరగదు. మొదటి నిమిషానికీ ఆఖరి నిమిషానికీ మధ్య మారేదల్లా మనకు తెలిసిన సంగతులే. అన్నీ తెలిశాక ఆడడానికేమీ మిగలదు. ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ ఆ కోవలోది.

2018 అక్టోబరులో వచ్చిందిది. చేసినాయన లూకస్ పోప్, జపాన్‌లో ఉండే అమెరికన్. కథ, బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్ దాదాపు అన్నీ ఒంటిచేత్తో చేసుకున్నాడు. నాలుగేళ్లు పైనే పట్టింది. అంతకుముందు 2013లో ఆయన చేసిన ‘పేపర్స్, ప్లీజ్’లో మనం సరిహద్దు తనిఖీ కేంద్రంలో కూర్చున్న ఉద్యోగులం. వచ్చేవాళ్ల పాస్‌పోర్టులూ పర్మిట్లూ చూసి ముద్ర వేయడమో, వెనక్కి పంపడమో మన పని. ఈయనకి కాగితాల పిచ్చి అప్పుడే బయటపడింది.

ఓబ్రా డిన్ ఒక సరుకు ఓడ. 1802లో లండన్ నుంచి తూర్పు దేశాలకు బయల్దేరింది. ఆర్నెల్లయినా దక్షిణాఫ్రికా కొసన చేరాల్సిన చోటికి చేరకపోయేసరికి పోయిందనే లెక్క రాసుకున్నారు. 1807 అక్టోబరు 14 తెల్లవారుజామున అది ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకి తనంతట తానే కొట్టుకొచ్చింది. తెరచాపలు చిరిగి ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే ఇన్‌స్పెక్టర్ ఒకరు పడవలో వెళ్లి ఓడ ఎక్కుతారు. ఆ ఇన్‌స్పెక్టర్ మనమే.

చేతికి రెండు వస్తువులు వస్తాయి. ఒకటి జేబు గడియారం. శవం దగ్గరో, మిగిలిన ఎముకల దగ్గరో నిలబడి దాన్ని తెరిస్తే, ఆ మనిషి ప్రాణం పోయిన క్షణానికి వెళతాం. ముందు చీకట్లో కొన్ని మాటలు, అరుపులు, చప్పుళ్లు వినిపిస్తాయి. తర్వాత ఆ క్షణం గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది. తుపాకీ గుండు గాల్లోనే ఉంటుంది, కత్తి దించిన చెయ్యి దించినట్టే ఉంటుంది. మనం మాత్రం ఆ మనుషుల మధ్య తిరుగుతూ ఎవరెవరు ఎక్కడున్నారో చూడొచ్చు. ఈ ఆట గురించి రాసేవాళ్లంతా గడియారం దగ్గరే ఆగుతారు. నాకు ప్రాణం రెండో వస్తువు మీద. అదొక పుస్తకం, అందులో సిబ్బంది, ప్రయాణికుల జాబితా.

చూడడానికి పరమ నీరసమైన పేజీ. వరస నంబరు, పేరు, ఉద్యోగం, దేశం. కెప్టెన్‌ది ఒకటో నంబరు. అక్కణ్నుంచి మేట్లు, వడ్రంగి, వంటవాడు, మామూలు నావికుల దాకా దిగుతూ మొత్తం అరవై పేర్లు. పుస్తకంలోనే ఇంకోచోట ఓడలో చిత్రకారుడు గీసిన గుంపు బొమ్మలున్నాయి. అందులో ముఖాలున్నాయి, పేర్లు లేవు. జాబితాలో పేర్లున్నాయి, ముఖాలు లేవు. ఏ ముఖానికి ఏ పేరు, ఆ మనిషి ఎలా పోయాడు, ఎవరి చేతిలో పోయాడు? ఈ మూడూ పూరించడమే ఆట. కాల్చారా, పొడిచారా, మునిగిపోయాడా, నలిగిపోయాడా అని ఎంచుకోవడానికి చావుల పట్టిక కూడా ఇచ్చారు. బతికి బయటపడ్డవాళ్లుంటే ఏ ప్రాంతంలో ఉన్నారో రాయాలి.

ఊహాగానాలకి పోప్ ఒక కళ్లెం వేశాడు. ఒక్కొక్కటిగా ‘ఇది రైటు, ఇది తప్పు’ అని ఆట చెప్పదు. మూడు పూర్తిగా సరిపోయినప్పుడే ఆ మూడింటినీ ఖాయం చేస్తుంది. అప్పటిదాకా చేతిరాతలో ఉన్న వాక్యాలు అచ్చు అక్షరాలుగా మారిపోతాయి. బహుమతంటే అదే. అంత చిన్న మార్పుకి రాత్రి రెండింటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

రంగులు లేకపోవడం కూడా ఈ జాబితా కోసమే అనిపిస్తుంది. తెర మీద ప్రతి చుక్కా అయితే నలుపు, లేకపోతే తెలుపు. బూడిద రంగైనా ఉండదు. చుక్కలు ఎంత దట్టంగా పడ్డాయన్నదాన్ని బట్టే వెలుగూ నీడా. తొలినాళ్ల మెకింతోష్ కంప్యూటర్ల చూపు అది. చిక్కేమిటంటే, మనం తల తిప్పినప్పుడల్లా ఆ చుక్కలు గజిబిజిగా కదిలి కళ్లు లాగేస్తాయి. అవి కుదురుగా ఉండేలా చేయడానికి పోప్ చాలా అవస్థపడ్డాడు. ఇంత చేసినా ముఖాలు ఒక పట్టాన గుర్తుండవు. టోపీ, గడ్డం, చొక్కా గళ్లు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఇవే ఆధారాలు. రంగుల్లో తీసి ఉంటే ఇంత వెతుకులాట ఉండేది కాదేమో.

ఇక్కడ నాకో ధర్మసంకటం. ఒక్క ఆధారమైనా విప్పి చూపించకపోతే ఈ ఆటలోని రుచి పాఠకులకి తెలీదు. విప్పితే ఆ ఒక్కటీ వాళ్లకి మొదటిసారి దొరకదు. ఈ ఆట ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు కింది రెండు పేరాలు వదిలేసి ముందుకు వెళ్లండి.

మొదట్లోనే వచ్చే ఒక అధ్యాయంలో నావికుడొకడు జబ్బుతో పోతాడు. కొట్లాట లేదు, తుపాకీ లేదు. కింది అంతస్తులో వరసగా వేలాడదీసిన ఉయ్యాల పడకలు, వాటిలో మనుషులు. చూసి ముందుకెళ్లిపోయే దృశ్యం. మా మేనకోడలు ఇంజినీరింగ్ చదువుతోంది; సెలవులకి వచ్చినప్పుడు దానిచేత ఈ ఆట మొదలుపెట్టించి పక్కన కూర్చున్నాను. అది అప్పటికే ఒక నోటుబుక్కు నిండా మారుపేర్లు పెట్టుకుంది. ‘గడ్డం బాబాయ్’, ‘టోపీ లేని టోపీవాడు’, ‘ఎప్పుడూ ఏడుపు మొహం’. ఆ పడకల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగింది.

‘‘అత్తా, వీటికి నంబరు చీటీలెందుకున్నాయి?’’ ‘‘నన్నడక్కు.’’ ‘‘అయితే ఏదో ఉందన్నమాట!’’ నా జవాబే సగం గుట్టు విప్పేసింది. జాబితా పేజీ తీసింది. పేర్ల ముందున్న వరస నంబర్ల మీద వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చింది. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ పడకల దగ్గరికి వెళ్లింది. ఏ నంబరు పడకలో ఎవరు పడుకున్నారో చూసింది. నోటుబుక్కులో ఒక మారుపేరు కొట్టేసి అసలు పేరు రాసింది. అరవై పేర్ల పేజీలో అందరూ పట్టించుకోకుండా దాటేసే గడి ఆ వరస నంబరే. తాళంచెవి మొదటి నుంచీ అందరి కళ్లెదుటే వేలాడుతోంది, ఎవరూ దాచలేదు.

మా మేనకోడలు ఈ ఆట మొదటిసారి ఆడుతుంటే చూసి నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు? ఆ పేజీ ఇప్పుడు నేను తెరిస్తే పేర్లు కనిపించవు, చావులు కనిపిస్తాయి. పన్నెండో నంబరు చూడగానే కథంతా కళ్ల ముందుకొచ్చేస్తుంది. ఏడాదికోసారి తీసి చూస్తాను, ఏదైనా మరిచిపోయానేమోనన్న ఆశతో. చిల్లర వివరాలు పోయాయి. పెద్దవి మాత్రం పోయేలా లేవు. మేనకోడలి పక్కన కూర్చోవడం నాకు దొరికిన దగ్గరి దారి. అది కూడా సగం దారే. ఎందుకంటే దాని కళ్లు ఎక్కడ పడాలో నాకు ముందే తెలుసు. అవి పడకపోతే నా చేతులు దురదపెడతాయి.

మెచ్చుకోలు చాలు, ఒక ఫిర్యాదు కూడా ఉంది. జాబితాలో దేశాల గడిని వాడుకోవాలంటే యాస ఒక ముఖ్యమైన ఆధారం. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్లు మాట్లాడే ఇంగ్లిషులో తేడా చెవికి తెలియాలి. శ్రీకాకుళం మనిషినీ నెల్లూరు మనిషినీ నేను రెండు మాటల్లో పట్టేస్తాను గానీ, చీకట్లో అరిచే వేల్స్ నావికుణ్ని పట్టమంటే ఎలా? అక్కడ పుట్టి పెరిగిన ఆటగాడికి ఊరికే దొరికే ఆధారం మనకి దొరకదు. అదృష్టం బాగుండి చాలామందికి రెండో దారి, అంటే చొక్కానో చెప్పో చేసే పనో ఉంటుంది. కొంచెం ఎక్కువసేపు తిరగాలంతే.

అదే గడిలో ‘ఇండియా’ అని కూడా ఉంది. సోలమన్ సయ్యద్ అనే నావికుడి పేరు ఎదురుగా అది చూసి ఆగాను. చైనా, ఫార్మోసా, పర్షియా, న్యూగినీ వాళ్లూ ఉన్నారు. చరిత్రకి ఎడిటర్ గారు ఇచ్చింది ఒక్క పేరాయే కనక గబగబా: 1600లో లండన్‌లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది, గోదావరి పాయ మీది కోరంగిలో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు, 1839 తుపాను ఆ ఊరిని ముంచేసింది, ఫ్రాన్సుతో యుద్ధాలకి నావికాదళం తెల్ల నావికుల్ని లాక్కుపోతుంటే సరుకు ఓడలు ఆసియా కళాసీలని ఎక్కించుకునేవి, అలాంటి ప్రయాణాల లాగ్ పుస్తకాలు, జీతాల పద్దులు ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఓబ్రా డిన్ కల్పిత ఓడే. జాబితా రాసే పద్ధతి మాత్రం కల్పన కాదు. మనిషికో వరస నంబరు, ఉద్యోగం, ఊరు, పోతే పోయినట్టు ఒక ముక్క.

2019లో ఈ ఆటకి ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో అగ్ర బహుమతి వచ్చింది, బాఫ్టా వాళ్లు గేమ్ డిజైన్‌కీ కళకీ అవార్డులిచ్చారు. ఆ వేదికల మీద ఎవరైనా ఆ పేజీ గురించి ఒక్క మాట మాట్లాడారో లేదో గానీ, నేనైతే అవార్డు దానికే ఇచ్చేదాన్ని.

బాక్స్: మిగిలిన రెండు

‘ఔటర్ వైల్డ్స్’ (2019). చిన్న సౌరకుటుంబం, మనదొక చెక్క రాకెట్. ఇరవై రెండు నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మనం మళ్లీ మొదటి చోట కళ్లు తెరుస్తాం. సంపాదించినదేదీ మిగలదు, రాకెట్‌లోని లాగ్‌లో చేరిన సమాచారం తప్ప. దారి తెలిసినవాళ్లు ఆటను ఒకే విడతలో ముగించగలరు. తెలియక తిరిగే గంటలే అసలు ఆట. అలెక్స్ బీచమ్ అనే కుర్రాడు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీజీ థీసిస్‌గా మొదలుపెట్టాడు. 2020లో బాఫ్టా ఉత్తమ ఆట ఇదే. మరపు మందు ఒక్క మోతాదే దొరికితే చాలామంది దీనికే వాడతారు. నేను ఓబ్రా డిన్‌కి వాడతాను.

‘మిస్ట్’ (1993). రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు చేశారు. ఖాళీ దీవి, పాడుబడ్డ యంత్రాలు, ఏం చేయాలో ఎవరూ చెప్పరు. డబ్బాలో సీడీతోపాటు తెల్లకాగితాల నోటుబుక్కు ఇచ్చేవారు, రాసుకోండని. ‘ది సిమ్స్’ 2002లో దాటేదాకా పీసీ ఆటల అమ్మకాల్లో ఇదే మొదటిది. ఇప్పుడు కొత్త హంగులతో దొరుకుతుంది. నోటుబుక్కు మనమే కొనుక్కోవాలి.

బాక్స్: మరపు అక్కర్లేనివి

టీవీకి తగిలించే పెట్టె, పసుపు క్యాసెట్, దాని మీద ‘9999 ఇన్ 1’ అన్న పచ్చి అబద్ధం. అందులో ‘కాంట్రా’, ‘మారియో’. ముప్ఫై ప్రాణాల కోసం నొక్కే పైకి పైకి కిందికి కిందికి వరస ఇప్పటికీ వేళ్లకి గుర్తుంది. దీన్ని ఎవరైనా చెరిపేస్తామంటే నేను ఒప్పుకోను. కొట్టేసిన ఆటల్లో సగం ఈ జాతివే. ఎడిటర్ గారికి ఇష్టమైన క్రికెట్ గేమ్ కూడా.

బాక్స్: ఓబ్రా డిన్ ఎక్కేవాళ్లకి

కంప్యూటర్‌తోపాటు స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలోనూ ఉంది. తెలుగు లేదు, చీకట్లో వినపడే మాటలు మాత్రం తెర మీద అక్షరాల్లో వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, అడుగుల చప్పుడూ ఆధారమే. నెత్తురు నలుపు తెలుపుల్లోనే అయినా చావులు భయంకరంగా ఉంటాయి, చిన్నపిల్లల ముందు వద్దు. ముఖం మసకగా ఉన్నంతసేపూ ఆ మనిషిని పోల్చడానికి కావాల్సినంత ఆధారం ఇంకా దొరకలేదని అర్థం, కాబట్టి బుర్ర బద్దలు కొట్టుకోకుండా ముందుకెళ్లండి. వరసగా కొన్ని రోజుల్లో పూర్తిచేయండి, నెల విరామం ఇస్తే ముఖాలన్నీ కలిసిపోతాయి. పక్కన ముందే ఆడినవాళ్లుంటే గది బయటికి పంపించేయండి, మేనత్త అయినా సరే.