గోడకెక్కిన సొగసు: పాత సుందరీచిత్రముల పరీక్ష

పత్రికనుండి కత్తిరించియో, క్యాలెండరుగా తెచ్చుకొనియో గోడకు గ్రుచ్చుకొను సుందరీచిత్రమును పాశ్చాత్యులు ‘పినప్’ అనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పేరు వ్యాపించినది. 1943లో ఫ్రాంక్ పవొల్నీ తీసిన బెట్టీ గ్రేబుల్ చిత్రము ఏబది లక్షల ప్రతులుగా సైనికులకు చేరినదందురు. ఇట్టివానిని కొందఱు నీతిబాహ్యములని త్రోసివేయుదురు. మఱికొందఱు పాతవగుటయే గుణముగా కొనియాడుదురు. రెండును పరీక్షలేని తీర్పులే.

మొదట చూడవలసినది వెలుగు. నాటి స్టూడియోలలో ప్రధానదీపమును ముఖమున కెదురుగా, కొంత ఎత్తున నుంచెడివారు. రెండవ దీపము నీడలను మెత్తపఱచును. వెనుకనుంచిన మూడవది కురుల అంచును మెఱపించి, మూర్తిని గోడనుండి వేఱుచేయును. ఈ మూడును కుదిరినచో ముఖము కాగితముపై శిల్పమువలె నిలుచును. కుదరనిచో ఎంతటి అందగత్తెయైనను సున్నపు బొమ్మయగును.

రెండవది భంగిమ. గ్రేబుల్ వీపు త్రిప్పి నిలిచి, భుజముమీదుగా వెనుదిరిగి చూచుచున్నది. మేనొక దిక్కునకు, చూపొక దిక్కునకు మరలుటయే ఆ బొమ్మకు ప్రాణము. ఇది మనకు క్రొత్తగాదు. దేగ్లూరు తాలూకా హొట్టల్ సిద్ధేశ్వరాలయపు సురసుందరులను, పాలంపేట రామప్పగుడి మదనికలను చూచినవారికి ఈ వంపుల సొంపు తెలిసినదే. వస్త్రము తగ్గినకొలది ఆకర్షణ పెరుగునన్నది పొరపాటు. రేఖ కుదరని నగ్నత చూపును నిలుపజాలదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆమె చూపు. తన్ను చూచుచున్నారని యెఱిగి ధీమాగా ఎదురుచూచు స్త్రీ ఆ చిత్రమున భాగస్వామి. చాటునుండి చూడబడినట్లున్న స్త్రీ వట్టి వస్తువు. 1951లో జేమ్స్ బర్క్ ‘లైఫ్’ పత్రికకై తీసిన బేగం పారా చిత్రములు నేటికిని ఆకర్షించుటకు ఆమె ధీమాయే కారణము. 1948 వఱకు నాందేడు నిజాము ఏలుబడిలోనిదే గదా. ఆ రాజధానియైన హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ 1892లో ఘోషాస్త్రీలకై జనానా స్టూడియో నెలకొల్పెను. అచట చిత్రము తీయువారును స్త్రీలే. ఆ చిత్రము నెవరు చూడవలెనో నిర్ణయము ఇంటిలోనే యుండెడిది. అచ్చుయంత్రము వచ్చినపిమ్మట ఆ నిర్ణయము చేజాఱినది.

తెలుగువారిలో దీనికి నిదర్శనము కాంచనమాల. 1938లో ‘గృహలక్ష్మి’, ‘మాలపిల్ల’ చిత్రములతో ఆమె పేరు మాఱుమ్రోగినది. ఆమె బొమ్మగల క్యాలెండర్లు ఇండ్లకెక్కినవి. 1942 నాటి ‘బాలనాగమ్మ’ తరువాత ఆమె చిత్రజీవితము దాదాపు ముగిసినది. ఆమె తెరపై లేకున్నను, ఆమె సొగసు పరుల గోడలపై నిలిచినది. కావున ఇట్టి బొమ్మకు విలువ కట్టునపుడు అందముతోపాటు అందులోని మనిషినిగూడ లెక్కింపవలెను.

మన యిండ్ల పెట్టెలలో ఇట్టి పటములుండవచ్చును. భూతద్దముతో చూడుడు: సన్నని చుక్కలు కనబడినచో అది అచ్చుబొమ్మ, చుక్కలు లేక, నల్లని భాగములయంచున వెండిమెఱుపు తేలినచో అది అసలు ఛాయాచిత్రము. రంగు గీతదాటినచో కుంచెతో అద్దినదని అనుమానింపవచ్చును. పాఱవేయక, తెలిసిన పేరును, సంవత్సరమును వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాసియుంచుడు. పేరు తెలిసిననాడు గోడమీది బొమ్మ మఱల మనిషియగును.