ఛాయాపటమున జాతియు వ్యక్తియు

శబ్దమునకు జాతి యర్థమని వాజప్యాయనుఁడును, వ్యక్తి యర్థమని వ్యాడియుఁ దలఁచిరి. ఈ వివాదము ఛాయాపటమునకును గలదు.

1868 మొదలు 1875 వఱకు లండనున వాట్సను, కే దొరల సంపాదకత్వమున నెనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యను గ్రంథమున 468 పటములు గలవు. యంత్రము గ్రహించునది వ్యక్తినే. వాని తలపాగను, ఆనాఁడు కట్టిన వస్త్రమును, చేతి కడియమునే. పటము క్రిందనో పెక్కింట వాని పేరు లేదు, కులనామమే కలదు. (కొందఱు ప్రభువులకు మాత్రము పేళ్లు దక్కినవి.) ఇట్లొకని కట్టు కులమున కంతటికిని గుఱుతయ్యెను. ఒక్క లక్ష్యమును బట్టి లక్షణము సేయుట వైయాకరణులకు సమ్మతము గాదు.

1869లో నీ గ్రంథమును లండనునఁ జూచి సయ్యదు అహమ్మదుఖాను మిగుల నొచ్చుకొనెను. అచటఁ బటములు చూచుచున్న యాతని కుమారుని నొక యాంగ్లయువకుఁడు హిందూస్థానీయుఁడవా యని యడిగెనఁట. కుమారుఁడు ఔననియు, వెంటనే తన పూర్వు లన్యదేశమునుండి వచ్చినవారనియుఁ జెప్పెను.